మీ 'కానీ'కి వాళ్ల దగ్గర జవాబు ముందే రాసి ఉంటుంది

సెమిస్టర్ పరీక్షలు అయిపోయి, క్యాంపస్ సెలెక్షన్ల లిస్టులో పేరు కనపడని రోజుల్లోనే ఆ ఫోన్ వస్తుంది. చేసేది పరాయివాళ్లు కాదు. రెండేళ్ల సీనియర్, ఇంటర్‌లో పక్కన కూర్చున్న దోస్తు, లేదంటే మేనత్త కొడుకు. "ఏం రా, ఖాళీగనే ఉన్నవ్ కదా? ఆదివారం ఆరాంఘర్ చౌరస్తా కాడ దిగు, నేనే వచ్చి తీస్కపోత. ఫార్మల్స్ ఏస్కో." ఏం పని అని అడిగితే చెప్పడు. "ఫోన్ల చెప్తే అర్థం కాదు తమ్మీ, ఒక్కసారి వచ్చి చూడు" అంటాడు.

బుద్వేల్, కిస్మత్‌పూర్, శంషాబాద్ వైపు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఈ ఫోన్‌ని వెంటనే గుర్తుపడతారు. ఒకవైపు ఎయిర్‌పోర్టు, ఇంకోవైపు ఔటర్ రింగ్ రోడ్డు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ బుద్వేల్ భూములు వేలం వేస్తే గరిష్ఠ ధర ఎకరాకి నలభై కోట్లు దాటింది. కిటికీలోంచి చూస్తే కోట్లు, జేబులో చూస్తే మెస్ బిల్లుకి కూడా చాలవు. ఇలాంటి చోట "ఏడాదిలో కారు కొంటావ్" అన్న మాట నాటుకోవడానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు.

ఆ మీటింగులో ఏం చూపిస్తారో, ఎవరి కారు ఫొటోలు వేస్తారో చాలామందికి తెలిసిందే. దాని తర్వాత జరిగే పది నిమిషాల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మీకు అనుమానం వచ్చి "అన్నా, కానీ..." అంటారు చూడండి, కథ అక్కడ మొదలవుతుంది. నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో ఈ 'కానీ'ని ఎదుర్కోవడానికి విడిగా శిక్షణ ఉంటుంది. దాని పేరు అబ్జెక్షన్ హ్యాండ్లింగ్. కొత్తగా వచ్చినవాళ్లు చెప్పే అభ్యంతరాలు ఎక్కడైనా అయిదారే. అందుకే జవాబులు ముందే తయారుగా ఉంటాయి. మీ ఎదురుగా కూర్చున్న అన్న మీతో మనసు విప్పి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఆయన నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నాడు.

డబ్బుల్లేవు అంటారు మీరు. "లేవు కాబట్టే ఇక్కడికి రావాలి. చేతిలో ఆ ఫోన్ ఎంత? దానికి దొరికిన డబ్బులు నీ భవిష్యత్తుకి దొరకవా?" టైం లేదంటే, అంబానీకీ రోజుకి ఇరవై నాలుగు గంటలే. నాకు మాట్లాడటం రాదంటే, మేం నేర్పిస్తాం. ఆలోచించుకుని చెప్తానంటే, ఆలోచించేవాళ్లు ఉద్యోగంలోనే ఉండిపోతారు, నిర్ణయం తీసుకున్నవాళ్లు ఎదుగుతారు. అన్నిటికీ ముందు ఒక మెత్తని మాట ఉంటుంది: "నీకు అలా అనిపించడం కరెక్టే. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. తర్వాత తెలిసింది..." ప్రపంచమంతా సేల్స్ వాళ్లకి నేర్పే పాత మూడు మెట్ల పద్ధతి ఇది. మొదట మీ భయాన్ని ఒప్పుకోవాలి, తర్వాత దాన్ని తన భయం కూడా చేసుకోవాలి, ఆ పైన దాన్ని దాటేసినట్టు చెప్పాలి. ఈ మూడు వాక్యాల్లో మీరు అడిగినదానికి జవాబు ఎక్కడుందో వెతకండి. ఉండదు.

"ఇది చైన్ సిస్టమ్ కదన్నా" అని కాస్త ధైర్యం ఉన్నవాళ్లు అడుగుతారు. దానికి వచ్చే జవాబు మాత్రం వినడానికి తెలివిగా ఉంటుంది. "ప్రతి ఆఫీసూ పిరమిడే తమ్మీ. పైన కలెక్టర్, కింద తహసీల్దార్, ఇంకా కింద అటెండర్." నిజమే కదా అనిపించి చాలామంది అక్కడ తడబడతారు. కానీ అటెండర్ ఆ ఉద్యోగంలో చేరడానికి తహసీల్దార్‌కి లక్షన్నర కట్టలేదు. తన జీతం రావాలంటే మరో ఆరుగురు అటెండర్లని పట్టుకురానక్కర్లేదు. ఆఫీసులో జీతం పైనుంచి కిందికి వస్తుంది. ఇక్కడ డబ్బు కిందనుంచి పైకి పోతుంది. గీసిన బొమ్మ ఆకారం ఒకటే కావచ్చు, లోపల పారే దిక్కు వేరు.

ఒక లెక్క వేసుకుందాం. ఒక్కొక్కరు ఆరుగురిని తేవాలనుకోండి. అందరూ కష్టపడ్డారు, ఒక్కరు కూడా ఓడిపోలేదు అనే అనుకోండి. మొదట ఒకరు, తర్వాత ఆరుగురు, 36 మంది, 216 మంది... తొమ్మిదో మెట్టుకే కోటి దాటుతుంది. పదో మెట్టుకి ఆరు కోట్లు కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం పసిపిల్లలతో సహా తెలంగాణ మొత్తం మూడున్నర కోట్లే. జనం ఎప్పటికైనా అయిపోతారన్న సంగతి ఇలా చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది. ఈ గొలుసుని ఏ మెట్టు దగ్గర ఆపినా సరే, అట్టడుగు వరుసలో ఉన్నవాళ్లు మొత్తంలో 83 శాతానికి పైనే ఉంటారు. వాళ్లు డబ్బు కట్టారు, కింద ఎవరూ లేరు. "ఆరుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు" అంటే? అప్పుడు కూడా సగానికి పైగా మంది అడుగునే ఉంటారు. అందరూ గెలిచిన ఊహా ప్రపంచంలోనే లెక్క ఇలా ఉంది. కాబట్టి "కష్టపడనివాళ్లే ఓడిపోతారు" అన్న మాట పచ్చి అబద్ధం. వరుసలు పెరిగే పద్ధతే అలాంటిది.

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది నాన్న గురించి చెప్పే జవాబు. "ఇంట్లో అడగాలన్నా" అనగానే అవతలివాళ్ల గొంతు మారుతుంది. "మీ నాన్న ఎంత సంపాదించిండు జీవితంలో? ఆయనకి తెలిస్తే ఆయనే కోటీశ్వరుడు అయ్యేటోడు కదా. ముందే చెప్పకు, చెక్ వచ్చాక చూపించి సర్‌ప్రైజ్ చెయ్యి." వినడానికి ప్రేమగానే ఉంటుంది. జరిగే పని మాత్రం ఏంటంటే, మీకు ఇష్టం ఉండి మీ నష్టంలో తనూ నష్టపోయే ఒకే ఒక్క మనిషిని ఆ గదిలోంచి బయటికి పంపేయడం. పత్తి అమ్మిన డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో, ఎవరికి అప్పు ఇస్తే తిరిగి వస్తుందో ఆయనకి తెలుసు. చదువుకోకపోవచ్చు గానీ, ఊళ్లో చిట్టీలవాడు పారిపోయిన సంవత్సరం ఆయనకి గుర్తుంటుంది. అలాంటి మనిషిని అడగొద్దని చెప్పే వ్యాపారం ఏదైనా సరే, ఆయన అడిగే మొదటి ప్రశ్నకే భయపడుతోందని అర్థం.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో అగ్నిప్రమాదం జరిగి ఆరుగురు ఊపిరాడక చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి వచ్చిన పాతికేళ్లలోపు పిల్లలు. వాళ్లు పనిచేసిన ఆఫీసుకి క్యూనెట్‌తో సంబంధం ఉందని, చేరడానికి ఒక్కొక్కరు లక్షల్లో కట్టారని అప్పట్లో పోలీసులు చెప్పారు. మంటలకి, ఆ వ్యాపారానికి సంబంధం లేదు. తమది గొలుసుకట్టు వ్యాపారం కాదని క్యూనెట్ మొదటి నుంచీ అంటూనే ఉంది. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఉద్యోగం కోసం ఊరు విడిచిన పిల్లలు జీతం తీసుకోవాల్సింది పోయి తామే లక్షలు ఎందుకు కట్టారు? ఆ డబ్బు కట్టే ముందు వాళ్లు కూడా 'కానీ' అనే ఉంటారు.

మన దగ్గర ఈ కథ పాతదే. విద్యార్థులనే ఎక్కువగా ఆకర్షించిన ఈబిజ్ అనే నోయిడా కంపెనీ కంప్యూటర్ కోర్సు ప్యాకేజీ పేరుతో ఒక్కొక్కరి దగ్గర సుమారు 17 వేలు తీసుకుంది. 2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు దాని అధినేతను అరెస్టు చేశారు. దేశమంతా కలిపి 17 లక్షల మంది, అయిదు వేల కోట్ల మోసం అన్నది పోలీసుల అంచనా. అదే ఏడాది క్యూనెట్ మీద కూడా సైబరాబాద్‌లో వరసగా కేసులు పడ్డాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే పిటిషన్లను తోసిపుచ్చుతూ, ఆ స్కీము 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. 2014లో కర్నూలు పోలీసులు ఆమ్వే ఇండియా అధిపతినే అరెస్టు చేశారు. ఇప్పుడు తెలంగాణ హైకోర్టు కొత్త భవనానికి మన బుద్వేల్ దగ్గరే 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. చైన్ సిస్టమ్ మీటింగుకి రమ్మన్న చౌరస్తాకి అదేమంత దూరం కాదు.

1978 చట్టంలో విద్యార్థులు గమనించాల్సిన విషయం ఒకటుంది. స్కీము నడిపినవాళ్లకే కాదు, అందులో మనుషుల్ని చేర్పించడం, పాల్గొనడం కూడా ఆ చట్టం నిషేధించింది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వొస్తుంది, పోలీసు వెరిఫికేషన్ గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే చేరిన వారం తిరక్కుండానే మీ చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి వంద పేర్లు రాయమంటారు. తెలిసినవాళ్లు, చుట్టాలు, క్లాస్‌మేట్లు. మీ 'కానీ'కి చెప్పిన జవాబులే ఇప్పుడు మీరు బట్టీ పట్టాలి. మీ బావమరిది "మా నాన్నని అడుగుతా" అన్నప్పుడు, "మీ నాన్న ఎంత సంపాదించిండు?" అనాల్సింది మీరే. పైన ఉన్నవాళ్ల పేరు ఆ పిల్లాడికి తెలియదు. వాడి డబ్బు పోతే వాడు పోలీసులకి చెప్పే పేరు మీదే.

అలాగని అభ్యంతరాలకి జవాబు చెప్పడమే తప్పు అనకూడదు. సేల్స్‌లో ఉద్యోగం చేయాలంటే ఆ విద్య రావాలి. బ్యాంకులు, ఇన్సూరెన్సు, షోరూములు, అన్నిచోట్లా ఇంటర్వ్యూలో అడుగుతారు కూడా. అత్తాపూర్‌లో ఫ్రిజ్‌లు అమ్మే కుర్రాడిని చూడండి. ధర ఎక్కువ అంటే స్టార్ రేటింగ్ చూపించి కరెంటు బిల్లు లెక్క చెప్తాడు, నచ్చకపోతే చవకది చూపిస్తాడు. నిజంగా డబ్బుల్లేవంటే "మళ్లీ రండి సార్" అని వదిలేస్తాడు. అతనికి మీ అభ్యంతరం ఒక సమాచారం. మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టమని ఆ కుర్రాడు చచ్చినా చెప్పడు.

వస్తువులు అమ్మి కమీషన్ తీసుకునే డైరెక్ట్ సెల్లింగ్ కూడా చట్టబద్ధమే. దానికి 2021 డిసెంబర్‌లో కేంద్రం వినియోగదారుల రక్షణ చట్టం కింద నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పిరమిడ్ స్కీములు నడపకూడదు, వాటిలో ఎవరినీ చేర్చకూడదు. "నువ్వు కొను, ఇంకొందరితో కొనిపించు, నీ డబ్బు నీకు వచ్చేస్తుంది" అని చెప్పి అమ్మడం కూడా కుదరదు. మీటింగులో మీరు విన్నది ఈ చివరి వాక్యమేనా, కాదా? ఒక్కసారి గుర్తు చేసుకోండి.

కాబట్టి ఆదివారం వెళ్లాల్సే వస్తే, మొహమాటం కొద్దీ వెళ్తారనే అనుకుందాం, అడగాల్సింది ఒక్కటే. పోయిన నెల మీకొచ్చిన డబ్బులో, ఈ గొలుసులో సభ్యులు కాని మామూలు జనం కొన్న వస్తువుల మీద వచ్చిందెంత? కాగితం మీద చూపించమనండి. ఒప్పంద పత్రం ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు చదువుతాననండి. కాగితం రాకుండా సామెత వచ్చిందంటే లేచి వచ్చేయండి. వద్దని చెప్పేటప్పుడు కారణాలు చెప్పకండి. మీరు చెప్పే ప్రతి కారణానికీ అటువైపు ఒక జవాబు ఉంది. "వద్దన్నా" అన్న ఒక్క మాటకి మాత్రం ఆ పుస్తకంలో జవాబు లేదు. అన్న రెండు రోజులు అలుగుతాడు, అంతే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఈ పేజీ చదువుతుంటే, మీకు ఈపాటికే ఒక సలహా వచ్చి ఉంటుంది: "ఇంకో ఇద్దర్ని తీసుకురా, నీ డబ్బు బయటపడుతుంది." ఆ పని మాత్రం చేయొద్దు. ఇప్పుడు మీరు మోసపోయినవాళ్లు, ఆ ఇద్దరూ చేరాక మీరు ఇంకోటి అవుతారు. రసీదులు, యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజీలు, జూమ్ మీటింగ్ లింకులు దాచండి. గ్రూపులోంచి బయటికి వచ్చే ముందే కాపీ చేసుకోండి. డబ్బు తిరిగివ్వమని మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930, దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు. ఇంట్లో చెప్పండి. తిడతారు. మీ మాట విని చేరినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి ఈ రాత్రే ఫోన్ చేసి, స్టేషన్‌కి కలిసి వెళ్దామనండి.