‘అప్పు కింద ఇచ్చారు’ అంటే చాలదు

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఏదో ఒక తరగతిలో టోనీ మారిసన్ నవలలు తారసపడుతూనే ఉంటాయి. 2008లో వచ్చిన ‘ఎ మెర్సీ’ అందులో చిన్నదే. కానీ దాన్ని తెలుగులో నాలుగు ముక్కల్లో పరిచయం చేయబోతే ప్రతి మాట దగ్గరా ఆగాల్సి వస్తుంది.

కథ 1680ల నాటిది. మేరీలాండ్‌లో ఓ పొగాకు తోట యజమాని తీర్చలేని బాకీకి బదులు బానిసను తీసుకుపొమ్మంటాడు. అప్పులవాడు వంట చేసే ఆమెను అడుగుతాడు. యజమాని కుదరదంటాడు. అప్పుడామె తన కూతురు ఫ్లోరెన్స్‌ను తీసుకెళ్లమని ప్రాధేయపడుతుంది. ఆ పిల్లకు ఏడో ఎనిమిదో ఏళ్లు.

‘తల్లి కూతుర్ని ఇచ్చేసింది’ అని రాస్తే ఎవరి పక్షమూ వహించనట్టే కనిపిస్తుంది. నిజానికి అది యజమాని పక్షం. బిడ్డను ఇవ్వడానికి గానీ ఉంచుకోవడానికి గానీ ఆమెకు హక్కెక్కడిది? తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని పక్కనున్న వర్జీనియా 1662లోనే చట్టం చేసింది.

పిల్లలకు చెప్పేటప్పుడు ‘పనిమనిషి’, ‘సేవకురాలు’ అని మెత్తగా అనేవాళ్లూ ఉన్నారు. ఇదే నవలలో తెల్లజాతి ఒప్పంద కూలీలూ ఉన్నారు. యజమానులు పొడిగిస్తూ పోయినా, వాళ్ల చాకిరీకి ఒక గడువంటూ ఉంది. ఫ్లోరెన్స్‌కు అదీ లేదు. ఇద్దర్నీ ‘పనివాళ్లు’ అంటే ఆ తేడా మాయమవుతుంది. 2015లో టెక్సాస్‌లో ఓ పాఠ్యపుస్తకం ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను ‘వర్కర్లు’ అన్నప్పుడు ఓ విద్యార్థి తల్లి నిలదీసింది. ప్రచురణకర్తలు ఆ వాక్యం మార్చక తప్పలేదు.

తెలుగులో ఇంకో చిక్కుంది. ‘తెచ్చారు’, ‘అమ్మారు’, ‘పంపారు’ అంటే వాక్యం పూర్తయిపోతుంది, ఎవరన్నది చెప్పనక్కర్లేదు. తెలంగాణ గడీల్లో దొర బిడ్డ పెళ్లికి ఆడబాపను ‘వెంట పంపారు’ అని ఇప్పటికీ చెప్పుకుంటాం, చీరె సారె పంపినట్టు. పంపిన దొరా కనపడడు, ఆ పిల్లను అడిగిందెవరన్న ప్రశ్నా రాదు.

కాబట్టి పుస్తక చర్చలకు పరిచయం రాసేవారు కర్తను వదలకుండా రాస్తే బాగుంటుంది: యజమాని బాకీ పడ్డాడు, యజమానే మనిషిని వెలకట్టాడు, అప్పులవాడు పిల్లను తీసుకెళ్లాడు. ఆ తల్లి ఎందుకలా వేడుకుందో మాత్రం రాయకండి. ఆ సంగతి చివరి పేజీల్లో ఆమే చెబుతుంది.