అతిథి మాటకు అలగవద్దు

చలికాలం వస్తే అరకు లోయకు జనం బారులు తీరుతారు. బొర్రా గుహలు, చాపరాయి, వలిసె పూల చేలు చూసుకుని రాత్రికి గది వెతుక్కుంటారు. ఇంట్లో ఒక గదికి సున్నం వేయించి, మరుగుదొడ్డి కట్టించి అద్దెకిచ్చే కుటుంబాలు మన మన్యంలోనూ ఉన్నాయి. వారి రాబడి ఇప్పుడు అతిథి సెల్‌ఫోనులో రాసే నాలుగు ముక్కలపై ఆధారపడి ఉంది.

ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా వచ్చిన అతిథి వెళ్లాక 14 రోజుల లోపు ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చి, తన అభిప్రాయం రాయవచ్చు. తొమ్మిది మంది ఐదేసి ఇచ్చి, పదో మనిషి ఒక్కటే ఇస్తే సగటు 4.6కు పడిపోతుంది. ఆ సంస్థ ఉత్తమ ఇంటివారికిచ్చే గుర్తింపునకు 4.8 ఉండాలి. వందమందిని చూసిన ఇంటికి ఒక్క తిట్టు దోమకాటు. కొత్తగా గది తెరిచిన ఇంటికి అదే గొడ్డలిపెట్టు.

కడుపు మండటం సహజమే. కాని ఆ మంటలో చేసే తప్పులు మూడు. అతిథికి ఫోను చేసి దెబ్బలాడటం ఒకటి. డబ్బు వాపసిస్తాం, రాసింది తీసెయ్యండని బేరమాడటం రెండు. బావమరిది చేత, మేనల్లుడి చేత దొంగ పొగడ్తలు రాయించడం మూడు. ఇలాంటి దొంగ రాతలను అరికట్టడానికే 2022లో ఐఎస్ 19000 అనే జాతీయ ప్రమాణం వచ్చింది. బయటపడితే ఉన్న పరువూ పోతుంది.

మరేం చేయాలి? ముందు, రాసింది నిజమా కాదా చూడాలి. వేడినీళ్లు లేవని రాస్తే, నిజంగానే లేకపోతే ఒప్పుకోవాలి. ‘ఆ రోజు ఇబ్బంది జరిగింది, మన్నించండి, ఇప్పుడు సరిచేశాం’ అని రెండు మాటలు రాస్తే చాలు. ఆ జవాబు రాయడానికి 30 రోజుల గడువుంది. అది వెళ్లిపోయిన అతిథి కోసం కాదు, రేపు వచ్చేవాడు చదవడం కోసం. అబద్ధమైతే జరిగింది జరిగినట్టు, దూషణ లేకుండా చెప్పాలి. బూతులు, బెదిరింపులు రాస్తే సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

రోగం రాకముందే జాగ్రత్త మేలు. తెల్లవారుజామున కోళ్లు కూస్తాయి, చలి ఎక్కువ, కరెంటు పోవచ్చు అని ముందే రాసిపెట్టాలి. లేని సౌకర్యం ఉందని చెప్పరాదు. అతిథి బయలుదేరేముందు ‘ఏమైనా లోటు జరిగిందా బాబూ’ అని అడిగితే, మనసులోని మాట ఇంటి గడపలోనే తేలిపోతుంది.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో ఏం రాశారో తెలియక ఊరుకుంటున్న ఇళ్లవారికి ఊళ్లో చదువుకున్న కుర్రకారు చదివి చెప్పాలి, జవాబు రాసిపెట్టాలి. పర్యాటక శాఖ కూడా పంచాయతీల్లో ఒక పూట శిక్షణ ఏర్పాటు చేస్తే ఖర్చు తక్కువ, ఉపకారం ఎక్కువ.

పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడంటారు. పడిన మాటలో నిజం గ్రహించి దిద్దుకున్నవాడి ఇంటికి అతిథి మళ్లీ వస్తాడు.