ట్యాంకు కట్టుకునే ముందు నీళ్ళతో చనువు కావాలి

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

విశాఖలో చదువుకుంటున్న మన ఏజెన్సీ పిల్లల మధ్య ఇప్పుడు స్కూబా డైవింగ్ మాట వినిపిస్తోంది. రుషికొండలో దిగి వచ్చామని కొందరు, కోర్సు చేస్తే అండమాన్ వైపు పని దొరుకుతుందేమో అని కొందరు. ఆశ మంచిదే, మేము వద్దనడం లేదు. మేము అనేది ఒక్కటే. పెద్దయ్యాక మొదటిసారి లోతు నీళ్ళలో దిగేవాళ్ళు ముందు నీళ్ళతో చనువు పెంచుకోవాలి. ట్యాంకు ఆ తర్వాత.

"ఈత రాకపోయినా పర్లేదు, మేం చూసుకుంటాం" అని చెప్పే మాట అబద్ధం కాదు, కానీ సగమే నిజం. ఒక్కసారి సరదాగా దిగే డైవ్‌కి ఈత అడగరు, ఎందుకంటే పక్కన ట్రైనర్ వదలకుండా ఉంటాడు. సర్టిఫికెట్ కోర్సు అలా కాదు. పాడి సంస్థ ఓపెన్ వాటర్ డైవర్ కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి (మాస్కు, ఫిన్స్, స్నార్కెల్ పెట్టుకుంటే 300 మీటర్లు), ఇంకా 10 నిమిషాలు ఏ ఆసరా లేకుండా నీళ్ళ మీద తేలి ఉండాలి. ఈతకి టైం పెట్టరు, మెల్లగా ఈదినా ఒప్పుకుంటారు. అంటే వాళ్ళు చూసేది స్పీడు కాదు, నీళ్ళలో మనిషి కుదురుగా ఉంటాడా లేదా అని.

ఎందుకంత పట్టింపు? నీళ్ళంటే భయం ఉన్న మనిషి ముక్కులోకి నీళ్ళు పోగానే రెండు పనులు చేస్తాడు. ఊపిరి బిగపడతాడు, గబగబా పైకి లేస్తాడు. నడుము లోతు కొలనులో ఆ రెండూ చెల్లుతాయి. స్కూబాలో సరిగ్గా ఆ రెండే ప్రమాదం. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ గుండె నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు అవ్వాలని చూస్తుంది. ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఆ గాలికి దారి లేక ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణం మీదకి వస్తుంది. అందుకే డైవింగ్‌లో మొదటి నియమం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. ఈ నియమం తరగతిలో విని రాసుకోవచ్చు. కంగారు పుట్టిన క్షణంలో గుర్తుండేది మాత్రం ఒంటికి అలవాటైన పనే.

"మేం గెడ్డలో ఈదినవాళ్ళమే" అనేవాళ్ళు మనలో ఉన్నారు. నిజమే, కానీ చాలామందిది తల పైకెత్తి కాళ్ళూ చేతులూ కొట్టే ఈత. ముఖం నీళ్ళలో పెట్టి, కళ్ళు తెరిచి, నోటితో మాత్రమే గాలి పీల్చడం వేరే విద్య. ఈత రావడం, నీళ్ళలో నిబ్బరంగా ఉండటం రెండూ ఒకటి కాదు.

దీనికి వరస ఉంది. మొదట నడుము లోతులో నిలబడి ముఖం ముంచి ముక్కుతో, నోటితో బుడగలు వదలాలి. పది సార్లు కాదు, విసుగొచ్చేదాకా. తర్వాత వెల్లకిలా తేలడం. ఛాతీ నిండా గాలి పీల్చి, చెవులు నీళ్ళలో మునిగేలా తల వెనక్కి వాలిస్తే చాలామంది తేలతారు, తల ఎత్తితే నడుము మునుగుతుంది. తేలుతూ ఉన్నవాళ్ళు మోకాళ్ళు ఛాతీ వైపు లాక్కుని మళ్ళీ నిలబడటం నేర్చుకోవాలి. లేవగలమని తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. ఆ తర్వాతే లోతు, ఆ తర్వాతే 200 మీటర్లు. 25 మీటర్ల కొలనులో అది ఎనిమిది సార్లు. చివర్లో మాస్కు, స్నార్కెల్. ఒక్కరే వెళ్ళొద్దు. ఎక్కువసేపు మునగాలని గబగబా ఊపిరి పీల్చి దిగే పందాలు అసలు వద్దు, నీళ్ళ కిందే స్పృహ తప్పుతుంది. నేర్చుకోడానికి జలపాతాలు, బీచ్ కూడా వద్దు. బయటికి లాగే ప్రవాహం పట్టుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈదాలి, కానీ కొత్తవాళ్ళకి ఆ తెలివి ఆ క్షణంలో రాదు.

ఇరవై ఏళ్ళకి చిన్నపిల్లల పక్కన నిలబడి బుడగలు ఊదడం నామోషీ అనుకునేవాళ్ళకి ఒక మాట. మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళకి ఎవరెస్టు ఎక్కింది. ఆమె నేరుగా ఎవరెస్టుకి పోలేదు. భువనగిరి గుట్ట దగ్గర మొదలుపెట్టింది. మనకి నడుము లోతు కొలనే భువనగిరి గుట్ట.

"స్కూబా డబ్బున్నోళ్ళ ఆట, మనకెందుకు" అన్నా కూడా ఈ పాఠం మనకి కావాలి. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. సంతకి, ఆసుపత్రికి ఆ గెడ్డ దాటే మనుషులు మన ఇళ్ళలోనే ఉన్నారు. నీళ్ళ సంగతి తెలిసినవాడు పొంగిన గెడ్డలో దిగడు, ఆగుతాడు. ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకడు. కర్రో, తాడో, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యానో అందిస్తాడు. ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోయే చోట అది చాలా పెద్ద తేడా.

అందుకే మా అభిప్రాయం. హాస్టళ్ళలో క్రికెట్ కిట్టు అడిగినట్టే వారానికి రెండు గంటలు ఈత కొలను, ఒక కోచ్ అడుగుదాం. ఆడపిల్లలకి వేరే టైము, లేడీ కోచ్, ఒళ్ళంతా కప్పే ఈత బట్టలు కూడా అడగాలి, లేకపోతే వాళ్ళు గట్టు మీదే కూర్చుండిపోతారు. అడిగే అర్జీలో స్కూబా మాట రాయకపోయినా పర్లేదు. "నీళ్ళలో ప్రాణం కాపాడుకోవడం నేర్పండి" అని రాస్తే చాలు. అది నేర్చినవాళ్ళలో ఇష్టమున్నవాళ్ళు రేపు ట్యాంకు కట్టుకుంటారు.

మీలో ఈత బాగా వచ్చిన సీనియర్లు ఉంటే కింద చెప్పండి. మొదటి బ్యాచ్ మీ దగ్గరే మొదలుపెడదాం.