స్త్రీలకు తరగతులు - సంఘముల బాధ్యత

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో స్త్రీలకొఱకు తరగతులు పెట్టుట నేడు క్రొత్త మాట కాదు. కుట్టుపని, అల్లికలు, అగరువత్తులు చుట్టుట, పచ్చళ్లు పెట్టుట మొదలగు శిక్షణలు గ్రామములందు జరుగుచునే యున్నవి. భూపాలపల్లిలో సింగరేణి సేవాసమితివారు గనికార్మికుల కుటుంబములలోని స్త్రీలకు కుట్టుపని మొదలగువానియందు శిక్షణ నొసగుచున్నారు. బొగ్గుగనుల పట్టణమున నది తగిన పనియే. నెలజీతము వచ్చు ఇంట ఇల్లాలు కుట్టుపనివలన మఱి నాలుగు రూపాయలు కూర్చుకొనుటను ఎవరును కాదనరు. కాని సేద్యమే జీవనాధారముగ గల పల్లెలందు సయితము స్త్రీల తరగతి యనగనే కుట్టుమిషనే యేల తలపునకు రావలయును? ఈ ప్రశ్నను మేము సభ్యులగు రైతుసోదరుల యెదుట నుంచదలచితిమి.

మన పొలములలో నారు పీకువారెవరు? నాట్లు వేయువారెవరు? కలుపు తీయుట, పత్తి యేరుట, మిరపపండ్లు కోసి కల్లమున నారబోసి తాలు వేఱుచేయుట, విత్తనమునకు బూడిద పట్టించి కుండలో దాచుట, పశువులకు మేతనీళ్లు చూచుట, పాలు పిదుకుట, ఇవన్నియు ఎవరి చేతిమీదుగ జరుగుచున్నవో మీకు మేము చెప్పవలసిన పని లేదు. అట్లయ్యు రైతు అనగానే మనకు మగవాడే కనబడును. విత్తనముల దుకాణమునందు మగవాడే, వ్యవసాయాధికారి పెట్టిన సభలో మగవాడే, సంఘము కార్యాలయమున బల్లమీద కూర్చుండువాడును మగవాడే. ఎకరమునకు మందు ఎంత కలుపవలయునో అతనికి చెప్పుదురు. ఆ మందు కలుపుటకు నీళ్లు మోసి, తడిసిన చేతులతోనే సద్దిమూట విప్పునది ఆమె. ఆ మాట ఆమెకు చెప్పువారు లేరు.

ఒక గ్రామమున మేము చూచిన తరగతి సంగతి వినుడు. ఊరి పేరుతో పని లేదు. వానకాలపు నాట్ల దినములలో పగలు పదునొకండు గంటలకు తరగతి పెట్టిరి. ఊరిలోని స్త్రీలందఱును మడులలో నున్నారు. వచ్చినవారు ముసలమ్మలు, ఒకరిద్దఱు బాలింతలు. వచ్చిన ఉద్యోగి మంచివాడే, తెలిసినవాడే. కాని ఎవరికి చెప్పగలడు? వ్రేలిముద్రలు పడినవి, ఫోటో తీయబడినది, తేనీరు త్రాగిరి, తరగతి ముగిసినది. కాగితముమీద ఆ గ్రామమున స్త్రీలు శిక్షణ పొందినట్లే లెక్క.

ఇందువలన వచ్చిన నష్టమేమి యని యడుగువారున్నారు. 1997-98వ సంవత్సరమున ఉమ్మడి వరంగల్లు జిల్లాలోని పత్తిరైతులకు వచ్చిన ఆపద పెద్దలకు జ్ఞాపకముండియే యుండును. పంట పురుగుపాలయ్యెను; మందులకు పురుగు లొంగలేదు; అప్పు మీద అప్పు పెరిగెను; పలువురు రైతులు ప్రాణములు విడిచిరి. ఆ యిండ్లలో పదునొకండవ దినము గడచినదో లేదో అప్పులవారు వాకిట నిలిచిరి. ఎవరికెంత బాకీ? వడ్డీ నూటికెంత? చెల్లు వేసినదెంత? నోటుమీద వ్రాలు ఎవరిది? ఆ ఇల్లాలికి తెలియదు. పదియేండ్లు ఆ చేనిలో నడుము వంచినది ఆమెయే. ఆ చేని లెక్క మాత్రము ఆమెకు పరాయిది. చెప్పినవాడు చెప్పినంతయు ఒప్పుకొనుట తప్ప ఆమెకు వేఱు దారి లేకపోయెను.

అటుపిమ్మట సూక్ష్మఋణముల కంపెనీలు గ్రామములకు వచ్చినవి. అందు అప్పు స్త్రీల పేరనే. ఒకతె కట్టలేకపోయిన తక్కినవారు కట్టవలయునను షరతు తెలిసి వ్రాలు చేసినవారెందఱు? వసూళ్ల ఒత్తిడి మితిమీరి, 2010వ సంవత్సరము అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. మగవాని అప్పు తెలియక ఒకమారు, తన అప్పు తెలియక మఱొకమారు, నష్టము స్త్రీకే కలిగినది.

భూమి సంగతి చూడుడు. 2018లో మన రాష్ట్రమున రైతుబీమా ప్రారంభమయ్యెను. పట్టా గలిగి, పదునెనిమిది మొదలు ఏబదితొమ్మిది సంవత్సరముల నడుమ నున్న రైతు మరణించినచో ఆ కుటుంబమునకు అయిదు లక్షల రూపాయలు ముట్టును. మంచి యేర్పాటు. కాని భర్తపేరనో, మామపేరనో నున్న చేనిలో జీవితమంతయు పాటుపడిన స్త్రీ మరణించిన ఆ యింటికి ఏమియు రాదు, ఆమె పేర పట్టా లేదు గనుక. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము భార్యకును, కుమార్తెకును ఆస్తిలో వాటా కల్పించినది. మన ఉమ్మడి రాష్ట్రమున 1985 నుండి అప్పటికి పెండ్లికాని కుమార్తెలకును, 2005 నుండి దేశమంతట కుమార్తెలందఱకును, పిత్రార్జితమున కొడుకుతో సమానమైన హక్కు వచ్చినది. కోయ, లంబాడ మొదలగు షెడ్యూల్డు తెగలకు మాత్రము ఈ చట్టము వర్తింపదు. వారికి తమ తమ ఆచారమే ప్రమాణము. ఈ భేదమును మహబూబాబాదు తండాలలోను, భూపాలపల్లి అడవిపల్లెలలోను విడమరచి చెప్పినవారెవరు? చట్టమున వాటా యున్నది; పాసుపుస్తకమున పేరు లేదు.

కొందఱు పెద్దలు మాతో నిట్లనిరి: ‘పాలకుర్తి ఐలమ్మ ఏ తరగతిలో చదివినది? విసునూరు దేశముఖునకు జంకక పంటను ఇంటికి చేర్చుకొనలేదా?’ నిజమే. ఆ మహాసాహసి మన జనగామ సీమ స్త్రీయే. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టుట తగిన గౌరవమే. కాని ఐలమ్మ వెనుక నాడు సంఘము నిలిచినది. ఆమె పంటను దేశముఖు మనుష్యులపాలు కానీయక కార్యకర్తలు ఇల్లు చేర్చిరి. అంతియ గాక నాడు భూమిని కఱ్ఱపట్టి కాచుకొనిరి. నేడు కాగితము పట్టి కాచుకొనవలయును. 2020లో ధరణి వచ్చినది, 2025లో దానికి బదులుగ భూభారతి వచ్చినది. రికార్డులో ఒక్క అక్షరము తప్పిన యెడల ఎన్నిమారులు కార్యాలయమునకు తిరుగవలయునో మన సభ్యులలో అనుభవించినవారే యున్నారు. ఆ అక్షరమును చదువలేనివారి గతి యేమి?

2011 జనాభా లెక్కల ప్రకారము నేటి తెలంగాణ ప్రాంతమున అక్షరాస్యులైన మగవారు నూటికి 75, స్త్రీలు నూటికి 58. ఇది పట్టణములను కలుపుకొన్న లెక్క. కావున తరగతికి మొదటి పాఠము అక్షరమే కావలయునందుమా? మాకట్లు తోచదు. మొదట లెక్క, దాని వెంబడి అక్షరము. ఏలయన, నలువదియేండ్ల స్త్రీకి ఓనమాలు దిద్దుటలో రుచి పుట్టదు. తన పత్తి తూకపు చీటీ చదువుటలో పుట్టును. నూటికి మూడు రూపాయల వడ్డీ యనగా ఏడాదికి ముప్పదియారు. జూనులో ఇరువదివేలు తెచ్చి ఫిబ్రవరిలో తీర్చిన యెడల ఎనిమిది నెలలకు వడ్డీయే నాలుగువేల ఎనిమిదివందలు. ఈ లెక్కను ఆమెచేత బల్లమీద వేయింపుడు. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టునుండి వచ్చిన తక్‌పట్టీని ఆమె చేతికిచ్చి, తూకమెంత, ధరయెంత, కోతలెంత, చేతికి వచ్చినదెంత యని యడుగుడు. ఆ రాత్రి ఆమె ఇంటికి పోయి అడుగు ప్రశ్నలవలన మనలో కొందఱికి చిక్కు కలుగవచ్చును. కలుగనిండు.

రెండవది విత్తనము. విత్తనమును దాచుట పూర్వమునుండియు స్త్రీల విద్యయే. సంచి విత్తనము వచ్చి ఆ విద్యను మూలబెట్టినది. తరగతిలో నేర్పవలసిన పరీక్ష మిక్కిలి సులభము. నూరు గింజలు లెక్కించి తడి గోనెపట్టాలో వరుసగ పేర్చి చుట్టి, తడి యారకుండ నీడపట్టున నుంచి, వారము దినములు దాటిన పిదప మొలకలు లెక్కింపవలయును. వరి యెనుబదికి, పత్తి డెబ్బదియైదుకు తగ్గరాదు. తగ్గినచో ఆ సంచిని దుకాణమునకు త్రిప్పి పంపవచ్చును. చల్లిన తరువాత ఏడ్చుటకంటె చల్లకముందు లెక్కించుట మేలు గదా.

పురుగుమందుల విషయమున మనకు దూరము పోనక్కఱలేదు. జనగామ జిల్లా లింగాలఘనపురము మండలమున ఏనెబావి యను చిన్న పల్లె కలదు. ఆ ఊరివారు క్రమక్రమముగ రసాయనపు మందులను, ఎరువులను మాని, 2006 నాటికి ఊరు ఊరంతయు వానిని విడిచినట్లు ప్రకటించుకొనిరి. వేపగింజలు దంచుట, పేడ, ఆవుమూత్రములతో కషాయములు మురుగబెట్టుట ఇంటియొద్ద జరుగు పనులు. స్త్రీల చేయి పడనిదే అవి సాగవు. అయిదు కిలోల వేపగింజల పప్పు పొడిని మూటగట్టి రాత్రియంతయు నీటిలో నాననిచ్చి, ఉదయమున పిండి వడబోసి, నూరు లీటర్లు చేసి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలపు వేళ చల్లవలయును. ఈ కొలత ఇంటిలో తెలియవలసిన దెవరికి? ఏనెబావికి పోయి చూచివచ్చుటకు స్త్రీలను ఒక బండి కట్టించి పంపిన సంఘమెన్ని గలవో లెక్కించుకొందము.

ఇక తరగతి వేళ. సహకారోద్యమమునకు పుట్టినిండ్లలో నొకటియగు డెన్మార్కు దేశమున 1844లో గ్రామీణుల కొఱకు జానపద పాఠశాలలు మొదలైనవి. తరువాత నవి దేశమంతట వ్యాపించినపుడు శీతకాలమున పొలముపని లేని అయిదునెలలు మగవారికిని, వేసవిలో మూడునెలలు ఆడపిల్లలకును తరగతులు నడపుట వాడుకయ్యెను. పనినిబట్టి బడి నడచినది. ఆ బడులలో చదివిన రైతులే 1882 మొదలు సహకార పాలకేంద్రములు కట్టుకొని లోకమునకు మార్గదర్శకులైరి. మనకును నాట్లకు, కలుపునకు నడుమ కొన్ని దినములు, యాసంగి కోతల తరువాత కొన్ని వారములు తెఱపి యుండును. మిరపతోటలున్న మహబూబాబాదు పల్లెలలో ఫిబ్రవరి, మార్చి నెలలు కోతకాలము; ఆ రోజులలో తరగతి పెట్టుట కూలి పోగొట్టుటయే. రాత్రి భోజనములైన పిదప గంటసేపు, ఇండ్ల నడుమనే, పసిబిడ్డలను తెచ్చుకొనుటకు వీలుగ నడపినచో జనము వత్తురు. తండాలో లంబాడీమాట, గూడెమున కోయమాట తెలిసిన స్త్రీయే చెప్పవలయును. తెలుగు పుస్తకము ప్రక్కన నుండవచ్చును. చెప్పువారికి కొదవ లేదు: మహబూబాబాదు సమీపమున మాల్యాలయందు కృషివిజ్ఞానకేంద్రము కలదు, అక్కడివారిని వేళ చూచి పిలుచుట మనవంతు.

స్త్రీలను ఒకచోట చేర్చిన ఊరిలో తగవులు పుట్టునని భయపడువారిని గూర్చి ఒక మాట. నెల్లూరుజిల్లాలో అక్షరాస్యతా తరగతులు నడచినపుడు, వాచకములో సారాయివలన చెడిన కుటుంబపు కథ చదివి, 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట ప్రాకి 1993 అక్టోబరు మొదటి తేదీనుండి సారా నిషేధింపబడెను. తగవు పుట్టినమాట నిజము. దానివలన చెడినది సారా వ్యాపారము.

సంఘముల విషయమునకు వత్తము. మన సంఘములలో సభ్యత్వము సాధారణముగ పాసుపుస్తకము వెంబడి నడచుచున్నది. కావున స్త్రీలు కొలదిమంది. హన్మకొండ జిల్లా ముల్కనూరునందు 2000 ప్రాంతమున స్త్రీలే సభ్యులుగ, స్త్రీలే పాలకవర్గముగ నేర్పడిన పాలసహకారసంఘము నేటికిని నడచుచున్నది. పాల కొలత, వెన్న పరీక్ష, చెల్లింపుల లెక్క, ఓటు, అన్నియు వారివే. వారు ముందుగ విద్యావంతులై పిదప సంఘము పెట్టుకొనలేదు. సంఘము నడపుచు నేర్చుకొనిరి. దీనిని చూచిన మీదట, సభ్యత్వము లేని తరగతి సగము తరగతియే యని మాకు తోచుచున్నది. లెక్క నేర్చిన స్త్రీకి సంఘము లెక్కను అడుగు హక్కు లేనిచో ఆమె నేర్చిన లెక్క యెక్కడ పెట్టును?

ఖర్చు మాట యెత్తుదురు. ఇంగ్లండులోని రాచ్‌డేలు నేతగాండ్రు, మన యందఱి గురువులు, మిగులులో నూటికి రెండున్నర వంతు సభ్యుల విద్యకు విడదీసిరి. వారు మనకంటె ధనవంతులు కారు. మన సంఘమునకు మిగులు తక్కువయని యెఱుగుదుము. అయినను ఒక బల్ల, ఒక త్రాసు, ఒక దీపము, చెప్పు స్త్రీకి స్వల్ప భత్యము చాలును. కార్యాలయము రాత్రివేళ మూసియే యుండును గదా.

వచ్చు మహాజనసభయందు రెండు తీర్మానములు పెట్టవలెనని మేము కోరుచున్నాము. యాసంగి కోతలైన పిదప సంఘ కార్యాలయమునందే స్త్రీలకు లెక్క, విత్తనపరీక్షల తరగతి ప్రారంభించుట ఒకటి. సభ్యులగు ప్రతివారును ఇంటి స్త్రీ పేర కొంత భూమి పట్టా చేయించి ఆమెను సభ్యురాలిగ చేర్పించుట రెండవది. మొదటిదానికి చేతులెత్తువారు పెక్కండ్రుందురు. రెండవదానికి ఎందఱెత్తుదురో చూడవలయును. పాలకవర్గమువారు ఆ సభకు స్త్రీలను గూడ పిలిచి, సాయంకాలము ఆఱుగంటలకు పెట్టుదురుగాక.