ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు

గట్టి ముద్ద గొంతు దిగడం లేదంటూ రోగి ఆసుపత్రి గడప తొక్కేసరికే అన్నవాహికలో కణితి చాలా దూరం పాకి ఉంటుంది. ఈ క్యాన్సర్‌లో కొత్త కేసులకూ మరణాలకూ మధ్య పెద్ద తేడా కనిపించకపోవడానికి ముఖ్య కారణం ఈ ఆలస్యమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2020లో మన దేశంలో సుమారు 63 వేల మంది దీని బారిన పడగా, 58 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఇంతటి నిరాశలో ‘టార్గెటెడ్ థెరపీ’ అన్న మాట చెవిన పడితే, ఎకరం అమ్మయినా ఆ మందు కొందామని కుటుంబం అనుకోవడం సహజం. అయితే ఆ మందుకు కావలసిన గురి రోగి కణితిలో ఉందో లేదో చూడకుండానే సెలైన్‌లో ఎక్కిస్తే దాన్ని లక్షిత చికిత్స అనడం ప్రజలను మోసగించడమే. పరీక్ష జరగని చోట ఈ మందులు వాడరాదు. ఆ పరీక్ష ఖర్చును ప్రభుత్వమే భరించాలి. ఈ రెండూ ఒకే నియమంగా అమలులోకి రావాలి.

అన్నవాహిక క్యాన్సర్ అంటే ఒకే జబ్బు కాదు. పొగాకు, మద్యం, వక్క వంటి అలవాట్లతో ముడిపడి మన దేశంలో అధికంగా కనిపించేది స్క్వామస్ రకం. దిగువన, జీర్ణాశయంతో కలిసే చోట ఎక్కువగా పుట్టేది అడినోకార్సినోమా. ఈ రెండో రకం రోగుల్లో కొందరి కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ మోతాదుకు మించి ఉంటుంది. దాన్ని పట్టుకుని పనిచేసే మందు ట్రాస్టుజుమాబ్. జీర్ణాశయం, దాని ముఖద్వారం క్యాన్సర్లపై జరిగిన ‘టోగా’ పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. హెర్2 ఉన్నట్టు తేలిన రోగులకు కీమోతో పాటు ఈ మందు ఇస్తే మధ్యస్థ జీవితకాలం 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. ఆ ప్రొటీన్ బలంగా ఉన్నవారిని విడిగా లెక్కిస్తే అది 16 నెలలు. పరీక్షించిన కణితుల్లో హెర్2 కనిపించింది దాదాపు అయిదింట ఒక వంతులోనే. అంటే పరీక్ష లేకుండా అందరికీ ఇస్తే అయిదుగురిలో నలుగురికి ఖర్చూ గుండె మీద పడే దుష్ప్రభావమూ మిగులుతాయి, ప్రయోజనం దక్కదు.

గురి చూడకుండా వేసిన బాణాల చరిత్ర కూడా మన ముందుంది. కణాల ఎదుగుదలను నడిపే ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకాన్ని అడ్డుకుంటే అన్నవాహిక కణితి కుంచించుకుపోతుందని ఒక దశలో ఎంతో ఆశించారు. బ్రిటన్‌లో 450 మందిపై జరిగిన ‘కాగ్’ పరిశోధనలో జెఫిటినిబ్ మాత్రలు ఆయుష్షును పెంచలేదని 2014లో తేలింది. అంతకు ముందు ఏడాది వెలువడిన ‘స్కోప్1’ ఫలితాలు ఇంకా చేదువి. కీమో, రేడియేషన్‌లకు సెటుక్సిమాబ్ జోడించిన వారి మధ్యస్థ జీవితకాలం 22.1 నెలలైతే, అది లేనివారిది 25.4 నెలలు. మంచి చేస్తుందనుకున్న మందు కీడు చేసిందన్నమాట. జెఫిటినిబ్ కథలో మరో మలుపుంది. భద్రపరచిన కణితి ముక్కలను తర్వాత తిరిగి పరీక్షిస్తే, ఈజీఎఫ్ఆర్ జన్యు ప్రతులు అధికంగా ఉన్న కొద్దిమందికి ఆ మందు మేలు చేసినట్టు కనిపించింది. పరీక్ష మొదటే జరిగి ఉంటే మిగిలినవారికి వృథా శ్రమ తప్పేది, ఆ కొద్దిమందికి దారి తెరుచుకునేది.

మన రోగుల్లో అధికులది స్క్వామస్ రకమైనప్పుడు హెర్2 పరీక్షల గోల ఎందుకన్న ప్రశ్న వస్తుంది. రకం ఏదో తేల్చేదే బయాప్సీ కదా! స్క్వామస్ రోగులకు హెర్2 మందు అక్కరలేదని ఖాయం చేసుకోవడమూ డబ్బు ఆదా చేయడమే. రోగనిరోధక శక్తిని మేల్కొలిపే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటివి ఈ రకంలో పనిచేస్తున్నా, అక్కడా పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ పరీక్షే దారి చూపుతోంది. ఆ ప్రొటీన్ దాదాపు లేని అన్నవాహిక స్క్వామస్ రోగుల్లో ఈ మందుల లాభనష్టాల తూకం అనుకూలంగా లేదని 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం తేల్చింది. డబ్బుకు లోటులేని దేశమే వడపోత పెట్టుకుంటుంటే మనం విచ్చలవిడిగా వాడటం ఏం వివేకం?

రెండు మూడు నెలల ఆయుష్షు కోసం ఇంత ఖర్చా, ఆ సొమ్ము గుట్కా నిర్మూలనకూ ఎండోస్కోపీలకూ పెట్టరాదా అన్నది మరింత బరువైన అభ్యంతరం. నివారణకు పెద్దపీట వేయాల్సిందే. శస్త్రచికిత్సకు వీలున్న రోగులకు ముందుగా పాత మందులైన కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్‌లతో కీమో, రేడియేషన్ ఇస్తే మధ్యస్థ జీవితకాలం 24 నెలల నుంచి 49 నెలలకు పెరిగిందని నెదర్లాండ్స్ ‘క్రాస్’ పరిశోధన 2012లోనే చాటింది. ఏ కొత్త మందుకూ ఈ ప్రాథమిక చికిత్సను బలిపెట్టకూడదు. మేము కోరుతున్న నియమం ఆ ప్రమాదాన్ని పెంచదు, తగ్గిస్తుంది. పనికిరాని చోట ఆగిన ప్రతి ఇంజక్షన్ డబ్బూ పనికొచ్చే చోటికి మళ్లుతుంది. పైగా సగటు వెనుక మనుషులుంటారు. హెర్2 బలంగా ఉన్న రోగికి మందు అందకుండా ‘మూడు నెలలే కదా’ అనే హక్కు ఎవరికీ లేదు. పరీక్షల కోసం ఆగితే చికిత్స ఆలస్యమవుతుందన్న వైద్యుల ఆందోళన న్యాయమైనదే. కీమో మొదలుపెట్టి, నివేదిక రాగానే లక్షిత ఔషధాన్ని జోడించడానికి అడ్డేమీ లేదు.

ధర విషయంలో దారులు మూసుకుపోలేదు. ట్రాస్టుజుమాబ్‌కు సరిజోడు దేశీయ మందు 2014లోనే మన మార్కెట్‌లోకి వచ్చింది. ఆ తరంలో కొత్తదైన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్‌పై 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం కస్టమ్స్ సుంకం ఎత్తివేసింది. టాటా మెమోరియల్ చొరవతో నడుస్తున్న నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ 40 మందులను ఉమ్మడిగా బేరమాడి కొని సుమారు రూ.1,320 కోట్లు ఆదా చేసింది. మందుకు చేసిన ఈ బేరం పరీక్షకూ చేయవచ్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అన్నవాహిక, జీర్ణాశయ ముఖద్వార క్యాన్సర్లకు హెర్2, పీడీ-ఎల్1 పరీక్షల రేటు నిర్ణయించి చెల్లించాలి. నివేదిక జతచేయని లక్షిత ఔషధం బిల్లును తిప్పి పంపాలి. కణితి అంతటా హెర్2 ఒకేలా ఉండదు కాబట్టి ఎండోస్కోపీలో ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయాలన్న ప్రమాణాన్ని జిల్లా ఆసుపత్రి వరకూ పాటించాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా ఆసుపత్రులను రెఫరల్ ల్యాబులుగా నిలిపి, చిన్న పట్టణాల నమూనాలు అక్కడికి చేరే ఏర్పాటు చేయాలి. ఎవరికి ఏ మందు ఇచ్చారు, ఫలితం ఏమిటన్న లెక్కలను పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ వచ్చే బడ్జెట్ దాకా ఆగనక్కరలేదు. ప్యాకేజీ జాబితాలో ఒక వరుస చేర్చే ఉత్తర్వుతో దీన్ని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.