గల్లాపెట్టె దిగినవాడికి గాలం వేసే చెరువేదీ?

గాజులరామారం, షాపూర్‌నగర్, సూరారం ప్రాంతాల్లో ముప్పై నలభై ఏళ్లు దుకాణాలు నడిపినవారు ఒక్కొక్కరే గల్లాపెట్టె దిగుతున్నారు. కిరాణా కావచ్చు, గుడ్డల దుకాణం కావచ్చు, ఇనుప సామాను కావచ్చు. జీడిమెట్ల పారిశ్రామికవాడకు పనికి వచ్చినవారి గిరాకీతో లేచిన దుకాణాలు వీటిలో ఎన్నో. ఇప్పుడు కొడుకులు చేతికి అందివచ్చారు, తండ్రుల మోకాళ్లు సహకరించడం లేదు. తాళంచెవులు చేతులు మారుతున్నాయి. కాని తాళంచెవులు ఇచ్చేసిన మనిషి మర్నాటి నుంచి ఏం చేయాలన్న ఆలోచన మాత్రం ఏ ఇంట్లోనూ జరగడం లేదు.

ఫలితం అందరూ చూస్తున్నదే. పొద్దున ఎనిమిది కొట్టేసరికి పెద్దాయన మళ్లీ దుకాణం మెట్ల మీద ప్రత్యక్షం. "వానికి ఉద్దెర ఎందుకిచ్చినవ్? తూకం సరిగ్గ చూసినవా?" అని మొదలుపెడతాడు. కొడుక్కు చిరాకు, కోడలికి తలనొప్పి, గిరాకీకి వచ్చినవాళ్లకు వినోదం. దుకాణం ఇచ్చాడు గాని దుకాణం ఆయనను వదలలేదు.

అలాంటివారిలో ఎవరైనా ఒకరు వెదురు కట్టె, నైలాను దారం, డబ్బాలో నాలుగు ఎర్రలు పట్టుకొని చెరువు దారి పట్టారంటే ఊరు ఊరుకోదు. "ఏంది శేటూ, తరాజు ఇడిచి గాలం పట్టినవ్? చేపలు కూడా ఉద్దెరకు వస్తలేవా?" అని హోటలు ముందు కూర్చున్నవాళ్లు ఎగతాళి చేస్తారు. సంపాదించే పని కాకపోతే అది పనే కాదన్న భావం మనలో పాతుకుపోయింది.

ఇలాగే దుకాణం వదిలి గాలం పట్టిన మనిషి పేరు లోకమంతా తెలుసు. ఆయన ఐజాక్ వాల్టన్. 1593లో ఇంగ్లాండులోని స్టాఫర్డ్‌లో పుట్టాడు. లండన్‌లో తన బావ దగ్గర గుడ్డల వ్యాపారం నేర్చుకొని, ఫ్లీట్ వీధి ప్రాంతంలో ఏళ్ల తరబడి దుకాణం నడిపాడు. దేశంలో అంతర్యుద్ధం సాగుతున్న రోజుల్లో, యాభై ఏళ్ల వయసులో వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. అరవై ఏళ్లప్పుడు, 1653లో, చేపలు పట్టడం గురించి 'ది కంప్లీట్ ఆంగ్లర్' అనే పుస్తకం వేశాడు. అది నేటికీ అచ్చవుతూనే ఉంది. ఆయనకంటే 37 ఏళ్లు చిన్నవాడైన చార్లెస్ కాటన్ అనే మిత్రుడు డవ్ అనే నది ఒడ్డున 1674లో చేపలవేటకు ఒక చిన్న ఇల్లు కట్టించి, గుమ్మం మీద ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి చెక్కించాడు. 1676లో అదే పుస్తకానికి ఈగ గాలం మీద ఒక భాగం రాసి చేర్చాడు. వాల్టన్ తొంభై ఏళ్లు బతికి 1683లో పోయాడు. దుకాణం మెట్ల మీదే కూర్చొని ఉంటే ఈ కథ ఉండేదా?

ఈగ గాలం అంటే ఎర్ర గుచ్చేది కాదు. చిన్న కొక్కేనికి ఈకలు, దారం చుట్టి ఈగలా, పురుగులా తయారుచేస్తారు. దానికి బరువు ఉండదు కనుక దారానికే బరువు పెట్టి, కట్టెను ముందుకూ వెనక్కూ ఊపి నీటి మీద వాలేలా విసురుతారు. పారే తేట నీటిలో ట్రౌట్ చేపలకు ఇది పనికివస్తుంది. తెల్లవారు ఆ చేపలను తెచ్చి నీలగిరి వాగుల్లో వదిలారు. మన చెరువుల మడ్డి నీళ్లకు ఇంత తతంగం అక్కరలేదు, బెండు కట్టిన గాలమే చాలు. కావలసింది నీళ్లు.

ఆ నీళ్ల దగ్గరే వచ్చింది చిక్కు. మనకు దగ్గరి నది మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి గండిపేట దాకా బాగానే వచ్చి, నగరంలో మురుగుకాల్వ అవుతోంది. ఇక మనకున్నవి చెరువులే. పరికి చెరువు మొదలు జీడిమెట్ల ఫాక్స్‌సాగర్ దాకా ఏ కట్ట ఎక్కినా ఒక పక్క గుర్రపుడెక్క, ఒక పక్క మురుగు. శిఖం భూమిలో మట్టి పోసి చదును చేసినవారిని అడిగే నాథుడు చాలాకాలం లేడు. 2020 అక్టోబరు వానలకు ఫాక్స్‌సాగర్ నీళ్లు ఉమామహేశ్వర కాలనీని ముంచి రోజుల తరబడి కదలలేదు. 2024లో హైడ్రా వచ్చాక కూల్చివేతలైతే చూశాము. కూల్చినచోట మళ్లీ మట్టి పడకుండా చూడవలసింది ఎవరు?

గాలం పట్టిన పెద్దమనిషి విలువ ఇక్కడే ఉంది. గంటల తరబడి కట్ట మీద కదలకుండా కూర్చునేవాడు ఊళ్లో ఇంకెవరున్నారు? ఏ ట్రాక్టరు ఏ పక్క మట్టి దించింది, ఏ కాల్వలో నీటి రంగు మారింది, చేప ఎప్పుడు తెల్లబడి తేలింది - ముందుగా చూసేది ఆయనే. ముప్పై ఏళ్లు పైసా పైసా లెక్క రాసిన చేతికి, తేదీ వేసి ఇవి కూడా రాయడం బరువా? ఇంగ్లాండులో పదమూడేళ్లు నిండినవారెవరైనా గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలి, ఆ డబ్బు నదుల బాగుకు, చేపల సంరక్షణకు పోతుంది. జీవమే లేదని 1957లో తేల్చిన థేమ్స్ నదిలో 1974లో మళ్లీ సాల్మన్ చేప దొరికిందంటే, నీటి మీద కన్నేసిన మనుషులు ఉండబట్టే.

అయితే శేటుకు కాలక్షేపం కదా అని మత్స్య సహకార సంఘాల వారి పొట్ట కొట్టకూడదు. చెరువుల్లో చేపలు పట్టే హక్కు వారిది. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేపపిల్లలు వారి బతుకు కోసం వేసేవి. కనుక సంఘాన్ని అడిగి, వారు చెప్పిన రుసుము కట్టి, చూపిన జాగాలోనే కూర్చోవాలి. వానకాలంలో కొరమీను జోలికి పోకూడదు. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైకి లేచిందంటే కింద తల్లో తండ్రో కావలి ఉన్నట్టే. ఆ ఒక్కదాన్ని పట్టుకుంటే గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నందుకు ఈ మాత్రం చేయలేమా?

పట్టిన చేప తినవచ్చా అన్నది మరో సంగతి. మురుగు కలిసే చెరువు చేపను ఇంటికి తేకపోవడమే మంచిది, వదిలేయడమే మేలు. కాలుష్య నియంత్రణ మండలి చెరువుల నీటిని పరీక్షిస్తుంది గాని, ఆ అంకెలు కట్ట మీద కూర్చున్నవాడికి చేరడం లేదు. పరీక్ష ఫలితాన్ని తేదీతో సహా తెలుగులో బోర్డు మీద రాసి, తూము పక్కన అందరికీ కనిపించేటట్టు పాతాలి. వచ్చే వానకాలం లోపల ఒక్క చెరువుకైనా ఈ పని జరగాలి.