వెనుదిరిగినవాళ్ల లెక్క ఎక్కడ?

తిరుమల తిరుపతి దేవస్థానం రోజూ ఒక చిన్న ప్రకటన ఇస్తుంది. నిన్న స్వామివారిని ఎంతమంది దర్శించుకున్నారు, ఎంతమంది తలనీలాలు సమర్పించారు, హుండీ కానుకలు ఎంత, సర్వదర్శనానికి ఎన్ని కంపార్ట్‌మెంట్లలో భక్తులు వేచి ఉన్నారు, టోకెన్ లేనివాళ్లకు ఎన్ని గంటలు పడుతుంది. ఉండేది నాలుగైదు ముక్కలే. అవి చదివి మదనపల్లెలో ఉన్న మనిషి ఈ రోజు బయల్దేరాలా, రెండు రోజులు ఆగాలా అని తేల్చుకుంటాడు. కంపార్ట్‌మెంట్లన్నీ నిండిపోయి క్యూ శిలాతోరణం దాకా పాకిందంటే ఆ మాట కూడా అందులో ఉంటుంది. వేచి ఉన్నవాళ్లను దాచిపెట్టని ఆ ప్రకటన అంటే నాకు గౌరవం. ఈ దేశంలో క్యూను ఇంత నిజాయితీగా కొలిచి, రోజూ జనానికి చెప్పే సంస్థలు చాలా తక్కువ.

అదే దేవస్థానానికి ఇంకో క్యూ ఉంది. ప్రతి నెలా 24న ఉదయం పది గంటలకు, మూడు నెలల తర్వాతి తేదీలకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు వెబ్‌సైట్‌లో వదులుతారు. ఆ క్షణాన హైదరాబాద్‌లో, చెన్నైలో, బెంగళూరులో, ఇక్కడ తిరుపతిలో అలిపిరి సందుల్లోని నెట్ సెంటర్లలో లెక్కలేనంత మంది ఒకే మీట నొక్కుతారు. ఈ క్యూకు కంపార్ట్‌మెంట్లు లేవు, శిలాతోరణం లేదు. దీని సంగతి రోజువారీ ప్రకటనలో కనిపించదు. మర్నాడు పేపర్లో వచ్చే శీర్షిక మాత్రం అందరికీ తెలుసు: ‘నిమిషాల్లో ఖాళీ’.

ఆ శీర్షికను మనం విజయవార్తగా చదువుతున్నాం. రాసేవాళ్లు అట్లాగే రాస్తున్నారు, అధికారులు అట్లాగే వింటున్నారు. నేను దీనికి అడ్డం తిరుగుతున్నాను. టికెట్లు ఎంత తొందరగా అయిపోయాయన్నది ఆ వెబ్‌సైట్ పనితీరుకు కొలతే కాదు. అది శ్రీవారి మీద జనానికి ఉన్న భక్తికి కొలత. ఆ గొప్పతనం వెంకటేశ్వరుడిది, సర్వర్‌ది కాదు.

శ్రీకాళహస్తి కలంకారీ బట్టలు ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఒక చిన్న వ్యాపారిని తీసుకోండి. ఆయన వెబ్‌సైట్ నిదానంగా తెరుచుకుంటే కొనేవాడు విసుక్కుని ఇంకో దుకాణానికి పోతాడు. ఆ సాయంత్రమే గల్లాపెట్టె ఆయనకు నిజం చెప్పేస్తుంది. పోటీ ఉన్న వ్యాపారంలో అమ్మకమే చాలామటుకు కొలత. తిరుమల దర్శనానికి పక్క దుకాణం లేదు. రైలు తత్కాల్‌కూ అంతే, ప్రభుత్వ ధ్రువపత్రానికీ అంతే. వెబ్‌సైట్ ఎంత అధ్వాన్నంగా ఉన్నా ఆ టికెట్లు అమ్ముడుపోతాయి. వచ్చినవాళ్లలో ముప్పాతిక మందిని గడప బయటే ఆపేసినా, లోపలికి పడ్డ పావుమంది కోటా మొత్తం ఖాళీ చేసేస్తారు. ‘నిమిషాల్లో ఖాళీ’ అనే శీర్షిక అప్పుడూ అదే. చక్కగా నడిచిన సైట్‌కీ, కుప్పకూలిన సైట్‌కీ ఒకే మార్కు వేసే పరీక్షను పరీక్ష అని ఎట్లా అంటాం?

ఐటీ వాళ్ల దగ్గర వేరే కొలతలు ఉంటాయి. వాటినీ చూద్దాం, ఎందుకంటే మోసం అక్కడ ఇంకా నున్నగా జరుగుతుంది.

మొదటిది సగటు. వందమందిలో తొంభై మందికి పేజీ ఒక్క సెకనులో తెరుచుకుంది, పదిమందికి నిమిషం పట్టింది అనుకోండి. సగటు 6.9 సెకన్లు. ఆ వందమందిలో ఏడు సెకన్లు ఎదురుచూసినవాడు ఒక్కడూ లేడు. నివేదికలో మాత్రం అందరూ ఏడు సెకన్లే ఎదురుచూసినట్టు ఉంటుంది. నిమిషం పాటు తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్న ఆ పదిమందినీ సగటు మింగేసింది. పోటీ నిమిషాల్లో ముగిసే చోట ఆ నిమిషంతోనే వాళ్ల టికెట్ పోయింది.

రెండోది, సైట్ ఎంతసేపు నిలబడి ఉందన్న లెక్క. ‘99.9 శాతం అందుబాటు’ అని కాంట్రాక్టుల్లో రాసుకుంటారు, అది చాలా గొప్పగా వినబడుతుంది. ముప్పై రోజుల నెలలో 43,200 నిమిషాలు ఉంటాయి. అందులో 0.1 శాతం అంటే 43 నిమిషాలు. అవి అర్ధరాత్రి రెండింటికి పోతే ఎవరికీ నష్టం లేదు. 24వ తేదీ పది గంటల నుంచి 10:43 దాకా పోతే ఆ నెల మొత్తం పోయినట్టే, అయినా కాంట్రాక్టు ప్రకారం అంతా సలక్షణంగా ఉన్నట్టే. నెల పొడుగునా పడుకుని, పనికొచ్చే ఒక్క గంటలో నిలబడాల్సిన వెబ్‌సైట్‌కు నెలవారీ సగటు పెట్టడం తప్పు. కాంట్రాక్టు ఆ ఒక్క గంట మీదే రాయాలి.

మూడోది, గూగుల్ 2020లో తెచ్చిన ‘కోర్ వెబ్ వైటల్స్’. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కిన మీటకు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, అక్షరాలు, మీటలు చోటు మారి గంతులు వేయకూడదు. ఇవి మంచి కొలతలే. చాలా వ్యాపార సైట్లు వీటితో బాగుపడ్డాయి కూడా. కానీ వీటిలో ఒక గీత ఉంది: నలుగురిలో ముగ్గురికి బాగుంటే సైట్ పాసైనట్టే. నాలుగోవాడు ఎవరు? పాత ఫోను, బలహీనమైన సిగ్నల్ ఉన్నవాడు. పులిచెర్ల దగ్గర పల్లెలో ఇంటి మిద్దె ఎక్కి ఫోను ఎత్తి పట్టుకున్నవాడు. పైగా, తెరుచుకోని పేజీ తన గురించి తాను కబురు పంపదు. పేజీ కనిపించకముందే విసిగి మూసేసినవాడి అనుభవం ఇట్లాంటి లెక్కల్లోకి సరిగ్గా చేరదు. ఎక్కువ నష్టపోయినవాడే లెక్కలోంచి జారిపోతాడు.

వాడు ఎక్కడికి పోతాడో చూడాలంటే అలిపిరికి రండి. భూదేవి కాంప్లెక్స్‌లో సర్వదర్శనం టైమ్‌స్లాట్ టోకెన్ల కోసం తెల్లవారకముందే కూర్చున్నవాళ్లలో ఎవరినైనా కదిలించండి. ‘మా పిల్లోడు పొద్దన్నించి నొక్కతానే ఉన్న్యాడు నాయనా, అది తిరగతానే ఉన్న్యాది, తీరా చూస్తే అయిపోయిందంట’ అనే మాట ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. సంచులు తలకింద పెట్టుకుని నేల మీద పడుకున్న ముసలివాళ్లున్నారు. 3,550 మెట్లు కాళ్లతో ఎక్కడానికి సిద్ధపడిన మనుషులు వీళ్లు. వీళ్లకు ఓపిక లేదని ఎవరూ అనలేరు. వెబ్‌సైట్ లెక్కలో వీళ్లు లేరు. అక్కడ అన్నీ అమ్ముడుపోయాయి, అందరూ సంతోషం.

లెక్కపెట్టడం మానేస్తే ఏమవుతుందో 2013లో అమెరికా చూసింది. ఆ దేశ ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం పెట్టిన హెల్త్‌కేర్.గవ్ సైట్ అక్టోబరు 1న మొదలైంది. మొదటి ఇరవై నాలుగు గంటల్లో 47 లక్షల మంది వచ్చారని గర్వంగా చెప్పుకున్నారు. ఆ మొదటి రోజు బీమాలో చేరగలిగినవాళ్లు ఆరుగురు. లక్షలు కాదు, వేలు కాదు, ఆరుగురు. దాన్ని బాగుచేయడానికి బయటి నుంచి వచ్చిన ఇంజనీర్లు తొలుత చేసిన పనుల్లో ఒకటి, సైట్‌లో ఎక్కడ ఏం ఆగిపోతోందో అందరికీ కనిపించే కొలతల తెర ఒకటి పెట్టడం. అప్పటిదాకా అది లేదు. వచ్చినవాళ్ల సంఖ్య వేరు, పని జరిగి వెళ్లినవాళ్ల సంఖ్య వేరు అని తెలుసుకోవడానికి ఒక అగ్రరాజ్యం అంత అవమానం పడాల్సి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. పేర్లు, వయసులు, గుర్తింపు కార్డు నంబర్లు అన్నీ నింపి, తేదీ దొరికి, డబ్బు కట్టే దశలో ఆగిపోయేవాళ్లది అన్నిటికన్నా పెద్ద బాధ. ఖాతాలో డబ్బు పోతుంది, టికెట్ రాదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి నియమం పెట్టింది: ఆన్‌లైన్‌లో వ్యాపారికి కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి అవతల నిర్ధారణ కాకపోతే ఐదు రోజుల్లోపు తిరిగి జమ చేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. మంచిదే. డబ్బు తిరిగొస్తుంది. ఆ పది గంటల పదో నిమిషం తిరిగొస్తుందా? ఇంటిల్లిపాదీ సెలవులు కుదుర్చుకున్న ఆ తేదీ తిరిగొస్తుందా? ఏ ఆన్‌లైన్ వ్యాపారమైనా తన గురించి తాను మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: మా దగ్గర డబ్బు కట్టి, వస్తువు దొరకనివాళ్లు ఎంతమంది? ఈ సంఖ్యను రోజూ ఉదయం బల్ల మీద పెట్టుకోని సంస్థ తన సైట్ బాగా నడుస్తోందని చెప్పుకునే హక్కు పోగొట్టుకుంటుంది.

ఈ పరుగు పందెం మనుషుల మధ్యే జరుగుతోందని కూడా అనుకోవద్దు. తత్కాల్ టికెట్లు తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా యంత్రాలవేనని 2025 జూన్‌లో రైల్వే శాఖే చెప్పింది. రెండున్నర కోట్ల అనుమానాస్పద ఖాతాలను మూసేసింది. జులై 1 నుంచి తత్కాల్‌కు ఆధార్ తప్పనిసరి చేసింది. రైల్వే ఎందుకు కదిలింది? కొలిచింది కాబట్టి. సగం యంత్రాలే అన్న అంకె చేతికొచ్చాక కళ్లు మూసుకుని కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు. కొలవనంత కాలం అంతా రద్దీయే, రద్దీకి ఎవరూ బాధ్యులు కారు.

ఇక్కడ నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. వృద్ధులు, దివ్యాంగుల కోటా 23న మధ్యాహ్నం మూడు గంటలకు తెరుస్తారు. వేళ్లు వణికే మనిషికి, చూపు ఆనని మనిషికి ఇచ్చిన హక్కును ఎవరు ముందు నొక్కుతారన్న పోటీలో పెట్టారు. ఆ సైట్ ఎంత వేగంగా ఉన్నా అది అన్యాయమే. వేగం పనికిరాని చోట వేగాన్ని కొలిచి ఏం లాభం?

దారి తెలియక కాదు. సుప్రభాతం, తోమాల, అర్చన సేవలకు దేవస్థానం ఎప్పటినుంచో ఈ-డిప్ నడుపుతోంది. 18న తెరిచి 20 దాకా పేరు నమోదు చేసుకోనిస్తుంది, తర్వాత లాటరీ తీస్తుంది. సిగ్నల్ సరిగా లేనివాడు సాయంత్రం పట్నానికి వచ్చి నమోదు చేసుకోవచ్చు. సర్వర్ మీద పిడుగు పడ్డట్టు ఒకే క్షణంలో భారం పడదు. యంత్రం పెట్టుకుని ఒక మైక్రోసెకను ముందు నొక్కినవాడికి ఏ లాభమూ ఉండదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. మా ఊళ్లో, మా వీధుల్లో, ఒక కాగితం ముక్క కోసం. ఆ మరుసటి వైకుంఠ ఏకాదశికి, 2025 డిసెంబరు 30 మొదలు తొలి మూడు రోజులకు ఈ-డిప్ ద్వారానే టోకెన్లు ఇచ్చారు. పరుగు పందెం మనుషుల్ని చంపుతుందని ఆ చావుల తర్వాత ఒప్పుకున్నాం. తెర మీద జరిగే పరుగు పందెంలో రక్తం కనబడదు కాబట్టి అది మాత్రం నెలనెలా సాగుతూనే ఉంది.

దేవస్థానం వ్యాపారం కాదు, దానికి వ్యాపార కొలతలేంటి అని అడిగేవాళ్లున్నారు. వ్యాపారం కాదు కాబట్టే ఇంకా కఠినమైన కొలత కావాలి. వ్యాపారి ఒక కొనుగోలుదారుణ్ణి వదులుకుంటే ఆ నష్టం అతనిది. దేవుడి గడప దగ్గర ఒకణ్ణి తప్పించేస్తే ఆ నష్టం ఆ భక్తుడిది, అతను చెప్పుకునే చోటు కూడా లేదు. లెక్కలు బయటపెడితే దళారులు వాడుకుంటారన్న వాదనలోనూ పస లేదు. ఎంతమంది ప్రయత్నించారు, ఎంతమంది వెనుదిరిగారు అన్న అంకెలతో ఏ దళారీ తాళం తీయలేడు. దేవస్థానం పేరుతో పుట్టుకొచ్చే నకిలీ సైట్లు బతికేది మాత్రం అసలు సైట్ దగ్గర విసిగి వేసారిన జనం మీదే.

అందుకే దేవస్థానం ఐటీ విభాగానికి, ధర్మకర్తల మండలికి నేను అడిగేవి రెండే. మీరు రోజూ ఇచ్చే ప్రకటన పద్ధతిలోనే, ప్రతి నెలా 24వ తేదీ సాయంత్రానికి ఇంకో ప్రకటన ఇవ్వండి. ఆ ఉదయం ఎంతమంది టికెట్ కోసం వచ్చారు, ఎంతమందికి పేజీ తెరుచుకుంది, ఎంతమంది డబ్బు కట్టే దాకా రాగలిగారు, ఎంతమందికి టికెట్ చేతికొచ్చింది, ఎంతమందికి డబ్బు పోయి టికెట్ రాలేదు, వాళ్ల డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది. పేజీ అందరికన్నా నిదానంగా తెరుచుకున్న పదోవంతు మంది ఎంతసేపు ఎదురుచూశారో విడిగా చెప్పండి, సగటులో కలపొద్దు. వృద్ధుల, దివ్యాంగుల కోటాను ఈ నెల నుంచే ఈ-డిప్‌లోకి మార్చండి. కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్లను ఇన్నేళ్లుగా లెక్కపెడుతున్నారు. ఫోను పట్టుకుని మిద్దె మీద నిలబడ్డవాళ్లనూ ఆ లెక్కలో చేర్చండి.